దమ్ము చక్రాల కింద నేల: తెలుగు మాగాణి దుక్కి కథ

"దుక్కి కొద్దీ పంట" అన్న సామెతను మెట్ట రైతు ఒకలా వింటాడు, మాగాణి రైతు ఇంకోలా వింటాడు. మెట్టలో దుక్కి అంటే నేలను గుల్ల చేయడం. గాలి ఆడాలి, వాన నీరు లోపలికి దిగాలి, వేరు ఎటు కావాలంటే అటు పోవాలి. మాగాణిలో చేసేది దీనికి పూర్తిగా తిరగబడిన పని. అక్కడ మడికి నీరు కట్టి, మట్టిని పిసికి, ఉన్న గుల్లతనాన్ని కూడా చంపి, నీరు కిందికి జారకుండా నేల నోరు మూసేస్తాం. కోస్తాలో దీన్ని దమ్ము అంటారు, తెలంగాణలో కరిగెట అంటారు. ఒకే నాగలి ఒకచోట నేలను తెరిచింది, ఇంకోచోట మూసింది. ఈ తేడా మనసులో పెట్టుకుంటేనే తెలుగు నేల మీద వరి సేద్యం నడిచిన దారి అర్థమవుతుంది.

ఆ దారి పొడుగునా నాకు కనిపించేది ఒక్క సంగతి. దమ్ము వరి మొక్క అడిగితే పుట్టింది కాదు. నీరు అడిగితే పుట్టింది, కలుపు అడిగితే నిలిచింది. తర్వాత కూలీల కొరత, యంత్రం, కరెంటు వచ్చి దాని రూపు మార్చాయి. నేలకు ఏం కావాలన్న ప్రశ్న మాత్రం అన్నిటికన్నా చివర వచ్చింది. ఇప్పటికీ అది చివరనే నిలబడి ఉంది.

శాతవాహనుల నాటి గాథాసప్తశతిలోనే వరి చేలు, వాటి కావలి కనిపిస్తాయి. వరి ఇక్కడ అంత పాతది. కాకతీయులు రామప్ప, పాకాల, లక్నవరం వంటి చెరువులు తవ్వించాక తెలంగాణ ఎర్ర నేలల్లో తరి సేద్యం నిలదొక్కుకుంది. ఆ చెరువుల కింది చెలక నేలలను చూస్తే దమ్ము ఎందుకు పుట్టిందో వెంటనే తెలుస్తుంది. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఆ మట్టిలో నీరు పొద్దున పెడితే సాయంత్రానికి ఉండదు. చెరువులో ఉన్నదే కొలత నీరు. దాన్ని మడిలో నిలబెట్టాలంటే అడుగు కట్టుదిట్టం కావాలి. పచ్చి ఆకు తొక్కించి, చెరువు ఒండ్రు తోలి, అడ్డం నిలువు దున్ని, పలక తోలి మట్టిని వెన్నలా చేసిన రైతు నిజానికి తన మడిని ఒక కుండగా మలుచుకున్నాడు.

అన్నిచోట్లా ఇలాగే సాగలేదు. ఉత్తరాంధ్రలో ఎదలు అనే పద్ధతి ఉంది. తొలకరికి పొడి దుక్కిలో విత్తనం చల్లి, వాన నీటితోనే మొలిపించి, వానలు ముదిరాక మడిలో నీరు నిలిపి పెంచుతారు. బాపట్ల వైపు కాలువ చివరి భూముల్లో దీన్నే వెద అంటారు. నారుమడి లేదు, దమ్ము లేదు, ఊడ్పు లేదు. ఈ రోజు వెద పద్ధతిని కొత్త పరిజ్ఞానంగా చెప్పుకుంటున్నాం గాని, నీటి మీద భరోసా లేని ప్రతి చోటా తాతలు చేసింది అదే.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెద్ద మలుపు ఆనకట్టలతో వచ్చింది. 1832-33 నందన కరువులో గుంటూరు సీమ శవాల దిబ్బ అయింది. ఆర్థర్ కాటన్ పూనికతో ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855కి లేచింది. కాలువ నీరు వేళకు రావడం మొదలయ్యాక వానను నమ్ముకుని విత్తే అవసరం తగ్గింది. ఆకుమడి పోసి, దమ్ము చేసి, ఊడ్చే పద్ధతే డెల్టా అంతటా రాజ్యమేలింది. ఏరువాక పున్నమికి ఎద్దులకు పసుపు కుంకుమ పెట్టి నాగలి కట్టడం పండుగ అయితే, కాలువ వదిలిన రోజు నుంచి ఊరంతా బురదలో దిగడం అసలు సేద్యం.

ఆ రోజుల్లో దొరలు మన కర్ర నాగలిని చిన్నచూపు చూశారు. మద్రాసు దగ్గర సైదాపేటలో 1865లో ప్రయోగ క్షేత్రం పెట్టి ఇనుప నాగళ్లను అలవాటు చేయాలని చూశారు. రైతు వాటిని తీసుకోలేదు. అవి బరువు, వాటిని లాగడానికి మన ఎద్దుకు శక్తి చాలదు, విరిగితే బాగు చేసేవాడు ఊళ్లో లేడు. ఇంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. రెక్క నాగలి మట్టిని తిరగేస్తుంది. నీటి మడిలో ఆ పని అక్కర్లేదు. అక్కడ మట్టిని కలపాలి, పిసకాలి. తుమ్మ కర్రతో చేసిన నాగలికి ఒక కర్రు, ఒక మేడి. ఆ పనికి అది చాలు. 1889లో ఇంగ్లండు నుంచి వచ్చి దేశమంతా తిరిగిన రసాయన శాస్త్రవేత్త వోల్కర్ తన 1893 నివేదికలో భారత రైతు పనితనాన్ని మెచ్చుకున్నాడు. సామర్లకోటలో 1902లో, మార్టేరులో 1925లో పరిశోధన స్థానాలు వచ్చాక మన వరిని మన నేల మీదే పరీక్షించే పని మొదలైంది.

ఇప్పుడు ఆ బురదలో ఏం జరుగుతుందో చూడాలి. ఈ కథకు ఇదే కీలకం.

మట్టి రేణువులు మామూలుగా చిన్న చిన్న ఉండలుగా కట్టుకుని ఉంటాయి. ఉండల మధ్య సందుల్లోనే గాలి, నీరు తిరుగుతాయి. నీటిలో నాని మెత్తబడ్డ ఉండలను నాగలి, ఎద్దుల గిట్టలు, పలక కలిసి చిదిమేస్తాయి. సన్నటి బంక మట్టి నీటిలో తేలి, తేరుకుని, పెద్ద సందులన్నిటినీ పూడ్చేస్తుంది. నీటి ఇంకు పడిపోతుంది. పైన నీరు నిలిచిన ఒకటి రెండు రోజుల్లోనే మట్టిలో మిగిలిన ప్రాణవాయువును సూక్ష్మజీవులు తాగేస్తాయి. అది అయిపోయాక నైట్రేటును, ఆ తర్వాత మాంగనీసును, ఇనుమును వాడుకుంటాయి. శ్రీలంకకు చెందిన పొన్నంపెరుమ ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేస్తూ ఈ వరసనంతా శోధించి, 1972లో సమగ్రంగా రాశాడు. ఇనుము రూపం మారినప్పుడు దాన్ని పట్టుకుని ఉన్న భాస్వరం విడుదలై మొక్కకు అందుతుంది. పులుపు నేల పులుపు తగ్గుతుంది, చౌడు వైపు మొగ్గిన నేల అటు నుంచి వెనక్కి తగ్గుతుంది, రెండూ నడిమి స్థితికి చేరతాయి. చాలా రకాల కలుపు గింజలు గాలి అందక మొలవవు. ఇవన్నీ లాభాలే.

నష్టాలూ ఆ బురదలోనే ఉన్నాయి. నీరు నిలిచిన నేలలో జింకు మొక్కకు అందకుండా పోతుంది. వరి మీద వరి వేసే మడుల్లో నాటిన కొద్ది వారాలకు ఆకుల మీద తుప్పు మచ్చలు కనిపించడం అందుకే. ఎండిపోని లోతు మడుల్లో గంధకం విషవాయువుగా మారి వేర్లు నల్లబడతాయి. ఆ తర్వాత మీథేన్ పుడుతుంది. వరికి కాండం నుంచి వేరు దాకా గాలి గొట్టాలు ఉన్నాయి కనుక ఆ ఊపిరాడని బురదలో బతుకుతుంది. దాన్ని తట్టుకునే శక్తి వరికి ఉంది. అదే కావాలన్న కోరిక మాత్రం దానికి లేదు.

ఏటా అదే లోతున నాగలి తిరగడం వల్ల జానెడు కింద ఒక గట్టి పొర కడుతుంది. పై మట్టి పిసికినది, కింద మట్టి కర్రు అడుగు, గిట్టలు నొక్కినది. వరి ఒక్కటే పంట అయినన్నాళ్లు ఈ పొర రైతుకు మిత్రుడే. నీరు ఇంకనివ్వదు, మనిషి, ఎద్దు మోకాలి లోతుకు దిగబడకుండా కాళ్లకు ఆధారం ఇస్తుంది. ఎద్దులు నాగలి లాగే శక్తికి ఒక హద్దు ఉంది కనుక ఆ పొర మందానికీ ఒక హద్దు ఉండేది. పైగా ఆ ఎద్దులే పేడ ఇచ్చేవి, ఊడ్పులకు ముందు జీలుగ, జనుము, పిల్లిపెసర కలియదున్నేవారు. దమ్ము నేల కట్టును చెరిపేస్తే పశువుల ఎరువు, పచ్చిరొట్ట ఏటా దాన్ని మళ్లీ కట్టేవి. ఈ లెక్క సరిపోయినంత కాలం మాగాణి తన బరువు తానే మోసుకుంది.

లెక్క తప్పింది 1960ల తర్వాత. దేశంలో సాంద్ర వ్యవసాయ పథకానికి ముందుగా ఎంచిన ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. 1966లో ఐ.ఆర్.8 విడుదలైంది. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. పొట్టి వంగడాలు దుక్కిని రెండు విధాల మార్చాయి. మొదటిది, పొడుగు వంగడాల్లా ఇవి లోతు నీటిలో నిలవలేవు, కనుక మడి చదును తప్పనిసరి అయింది. రెండోది, తొందరగా కోతకు వచ్చే రకాలతో సార్వా తర్వాత దాళ్వా వేయడం సులువైంది. రెండు పంటల మధ్య దొరికే వ్యవధి కొన్ని రోజులకు కుదించుకుపోయింది. ఆ కొన్ని రోజుల్లో ఊరంతటి మడులను దమ్ము చేయడం ఎద్దుల వల్ల కాలేదు. పవర్ టిల్లర్ వచ్చింది, వెనకే ట్రాక్టరు వచ్చింది. ఎద్దులు పోయాయి, పేడ పోయింది. రెండు పంటల ఒత్తిడిలో పచ్చిరొట్టకు వేళ లేక అదీ చాలా ఊళ్లలో పోయింది. చెరిపేది యంత్రమై బలపడింది. కట్టేది మాత్రం కనుమరుగైంది.

ఇనుప దమ్ము చక్రాలు తగిలించుకున్న ట్రాక్టరు రోడ్డెక్కితే తారు లేచిపోతుందని అధికారులు కేసులు పెడతామంటారు. రోడ్డుకు జరిగే నష్టం కంటికి కనిపిస్తుంది కనుక దానికి చట్టం ఉంది. అదే యంత్రం తడి మడిలో అడ్డదిడ్డంగా నాలుగైదు సార్లు తిరిగితే కింద ఏం జరుగుతుందో అడిగే చట్టం లేదు. పైన రోటావేటరు మట్టిని పిండిలా చేస్తుంది, కింద టన్నుల బరువు పొరను బిగిస్తుంది. నల్లరేగడిలో ఇంత దమ్ము అసలే అక్కర్లేదు. బంక మట్టి నీరు తగిలితే ఉబ్బి తానే మూసుకుంటుంది. అలాంటి నేలలో ఎక్కువ దమ్ము చేస్తే నారు లోతుకు దిగబడి పిలకలు తగ్గుతాయి. నాటు యంత్రం వాడేవాళ్లు మట్టి తేరుకోవడానికి ఒకటి రెండు రోజులు ఆగాల్సిందే. నీళ్ల మాట చూడండి. నేల నానబెట్టి దమ్ము చేయడానికే 200 మిల్లీమీటర్ల దాకా నీరు పడుతుంది. అంటే ఎకరాకు సుమారు ఎనిమిది లక్షల లీటర్లు. ఊడ్పు ఇంకా మొదలు కాకముందే ఆ నీరు ఖర్చయిపోతుంది.

దమ్ము చేటు వరిలో కంటే దాని తర్వాతి పంటలో బయటపడుతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి కృష్ణా డెల్టాను మించిన చోటు లేదు.

అక్కడ వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందే, నిలిచి ఉన్న చేలో మినుములు చల్లుతారు. మడిలో మిగిలిన పదునుకే గింజ మొలుస్తుంది, కోతల తర్వాత మంచుకు పెరుగుతుంది. దుక్కి లేదు, తడి లేదు, ఎరువూ పెద్దగా లేదు. ప్రపంచం దున్నకుండా విత్తడం గురించి పుస్తకాలు రాయడానికి చాలా ముందే తెనాలి, దివిసీమ రైతు ఆ పని చేస్తున్నాడు. జపాన్‌లో మసనోబు ఫుకువోకా 1975లో రాసిన గడ్డిపరకతో విప్లవం పుస్తకం తెలుగులోకీ వచ్చింది, చాలామంది చదివి ఆశ్చర్యపోయారు. మన మాగాణి మినుమును చూసి మాత్రం ఎవరూ ఆశ్చర్యపోలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా.

ఈ మినుము కథలోనే దుక్కి దెబ్బ కనిపిస్తుంది. మెట్టలో ఎకరాకు ఆరేడు కిలోల విత్తనం చాలితే మాగాణిలో 16 నుంచి 18 కిలోలు చల్లాలి. బిగిసిన మట్టి మీద పడ్డ గింజలన్నీ మొలవవు, మొలిచినవన్నీ నిలవవు. చల్లిన కొత్తలో పైమట్టి బురద. కొద్ది వారాల్లో అదే మట్టి రాయిలా ఎండి నెర్రెలు బారుతుంది. పదును కిందికి దిగిపోతుంటే దాని వెంట వేరు కూడా దిగాలి. గట్టి పొర దగ్గర అది వంగి పక్కకు పాకుతుంది. అడుగు కింద పదును ఉండగానే పైన మొక్క వాడిపోతుంది. ఇది చాలదన్నట్టు బంగారు తీగ, పల్లాకు తెగులు వచ్చిపడ్డాయి. స్వర్ణ, సాంబ మసూరి వంటి దీర్ఘకాలిక రకాలు కోతను వెనక్కి నెట్టాయి. కోత యంత్రం వచ్చాక మొలకలు చక్రాల కింద పడటం మొదలైంది.

2002 నుంచి 2004 వరకు సాగర్‌కు నీరు రాక కృష్ణా డెల్టా రైతు నీటికి మొహం వాచాడు. నీళ్లు లేని ఆ ఏళ్లే మూడు మార్పులను ముందుకు తోశాయి. మొదటిది, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో వరి కోసిన మడిలో దున్నకుండానే మొక్కజొన్న నాటడం ఊపందుకుంది. వరి కొయ్యకాళ్ల మధ్య తాడు పట్టి, రంధ్రం చేసి గింజ వేస్తారు. దుక్కి ఖర్చు మిగిలింది, పదును వృథా కాలేదు, పంట రెండు మూడు వారాలు ముందుకొచ్చింది. రైతులు ఒకరిని చూసి ఒకరు అందుకున్న పద్ధతి ఇది. దీని వెనక కలుపు మందుల వాడకం పెరిగిందన్నది దాచకూడని నిజం. నాగలి చేసే పనిని మందు డబ్బాకు అప్పగించాం.

రెండోది శ్రీ వరి. మడగాస్కర్‌లో లొలానియే అనే ఫాదరీ 1983 ప్రాంతంలో రూపుదిద్దిన ఆ పద్ధతిని, వ్యవసాయ విశ్వవిద్యాలయ విస్తరణ సంచాలకులు ఆలపాటి సత్యనారాయణ చొరవతో 2003 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్ అంతటా రైతుల పొలాల్లో పెట్టి చూపారు. పది పన్నెండు రోజుల నారు, దూరం దూరంగా ఒక్కో మొక్క, నిలవ నీరు లేకుండా తడి. కోనోవీడరుతో మట్టిని కదుపుతూ కలుపును అక్కడే తొక్కేయడం నాకు అందులో అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. దున్నడం ఒకసారితో అయిపోయే పని కాదని, పంట ఉండగా వేరు దగ్గర మట్టికి ఊపిరి ఇవ్వవచ్చని ఆ చిన్న పరికరం చూపింది. వీడరు తోయడం ఒళ్లు విరిగే పని కావడంతో, కూలీలు దొరక్క ఆ పద్ధతి చాలా ఊళ్లలో ఆగిపోయింది.

మూడోది వెద. మండె కట్టిన విత్తనాన్ని డ్రమ్ సీడరుతో దమ్ము మీద వేయడం ఒక రకం, పొడి దుక్కిలో గొర్రుతో విత్తడం ఇంకో రకం. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక పంట విరామం ప్రకటించడం అందరికీ గుర్తే. కూలీ ఖర్చు అంత దాకా తెచ్చిందంటే ఊడ్పు లేని సాగు వైపు చూడక తప్పదు. పొడిలో వెద పెడితే వరి కూడా మొదట మెట్ట పంటలాగే బతకాలి. లేత ఆకులు తెల్లబడతాయి. నేలలో ఇనుము లేక కాదు, గాలి ఆడే మట్టిలో అది మొక్కకు అందని రూపంలో ఉంటుంది. లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి చల్లితే పచ్చబడుతుంది. పెద్ద గండం కలుపు. నీటి పొర కాపలా లేదు కనుక ఊద, తుంగ వరితో పాటే లేస్తాయి. విత్తిన మొదటి నెల కలుపును అదుపు చేయలేనివాడు వెద జోలికి పోకూడదు. ఆ నెల దాటించినవాడికి దిగుబడి ఊడ్పుతో దాదాపు సమానంగా వస్తుంది, పంట వారం పది రోజులు ముందు కోతకొస్తుంది, వెనక వచ్చే అపరాలకు పిసకని నేల దొరుకుతుంది.

దున్నకపోవడమే మంచిదని అన్నిచోట్లా చెప్పడం కూడా తప్పే. కాండం తొలిచే పురుగు వరి మోళ్లలో దాగి ఎండాకాలం గడుపుతుంది, వేసవి దుక్కి దాన్ని ఎండకు, కొంగలకు పట్టిస్తుంది. కోత యంత్రం వదిలిన కొయ్యకాళ్లకు నిప్పు పెట్టే అలవాటు తెలంగాణలో, కోస్తాలో పెరుగుతోంది. నేలను తిరిగి కట్టే ఆఖరి సరుకును మన చేతులతో మనమే బూడిద చేస్తున్నాం. ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు చల్లి, నీరు పెట్టి కలియదున్నితే ఆ గడ్డి కుళ్లి ఎరువవుతుంది. అలాంటి చోట ఒక దమ్ము న్యాయమైనదే.

నా లెక్క ఇది. చెలక నేలలో, చెరువు కింద, బోరు కింద దమ్ము మానడం కుదరదు, నీరు నిలవదు. అక్కడ చేయాల్సింది చెరువు ఒండ్రు, పచ్చిరొట్ట తిరిగి తేవడం. డెల్టా నల్ల నేలలో నాలుగు చాళ్ల చోట రెండు చాలు, కొన్ని మడుల్లో అదీ వద్దు. సార్వా తర్వాత అపరాలో మొక్కజొన్నో వేసే ప్రతి మడి వెదకు మొదటి అర్హురాలు. వరి మీద వరి వేసే మడికి నాలుగైదేళ్లకు ఒకసారి వేసవిలో ఉలి నాగలితో అడుగున ఉన్న గట్టి పొరను పగలగొట్టడం అవసరమా అని చూడాలి. ఇసుక నేలలో మాత్రం పగలగొట్టకూడదు, కుండకు చిల్లు పడుతుంది. ఇవన్నీ తెలియనివి కావు. దుక్కికి సలహా ఇచ్చే చోట నేలను ఎవరూ అడగడం లేదు. ట్రాక్టరు బాడుగ గంటల లెక్కన కడుతున్నాం గాని, మట్టి ఏ రకమో చూసి ఎన్ని చాళ్లు కావాలో చెప్పే మనిషి ఊళ్లో లేడు.

అందుకే రైతులకు నాదొక మనవి. ఈసారి వరి కోసి మినుము పీకాక, మళ్లీ కాలువ వదిలేలోగా, మీ మడిలో ఒకచోట గునపంతో మోకాలి లోతు గొయ్యి తీయండి. గొయ్యి గోడలో కనిపించే ఎండు వేళ్లను చూడండి. అవి నిటారుగా దిగాయా, జానెడు లోతున పక్కకు తిరిగాయా చూసుకుని, అప్పుడు దమ్ము ట్రాక్టరుకు ఎన్ని చాళ్లు కావాలో చెప్పండి.